ఆమెకూ ఓ ఆటవిడుపు

పెళ్లి కాదు, పేరంటం కాదు, మొక్కు అసలే కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల ఆడవాళ్లు నలుగురైదుగురు కలిసి ‘ఊరికే’ ఊరు దాటుతున్నారు. ఉచిత బస్సు తలుపు తెరిచింది. గడప దాటడానికి కావలసినవి మాత్రం ఇంకా చాలా ఉన్నాయి.

ఆదివారం పొద్దున్న ఆరున్నర. తెనాలి బస్టాండులో ఓ బెంచీ మీద చేతిసంచులు గుట్టగా పడి ఉన్నాయి. ఒకదాంట్లో పులిహోర డబ్బా, ఇంకోదాంట్లో తువ్వాళ్లు, మరోదాంట్లో మార్చుకోవడానికి తలా ఓ జత బట్టలు. సంచుల చుట్టూ ఐదారుగురు ఆడవాళ్లు. నలభై దాటినవాళ్లు కొందరు, అరవైకి దగ్గరపడ్డవాళ్లు ఒకరిద్దరు, డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె.

“వదినా, గ్యాస్ కట్టేశావా?”

“కట్టేశాలే. నువ్వు మోటారు ఆపావా?”

“ఆపా. పాలబ్బాయికి చెప్పడం మర్చిపోయానే!”

“ఇవాళ ఒక్కపూటకి అన్నయ్యగారు పోయించుకుంటారులే, రా.”

నవ్వులు సగంలో ఉండగానే ఒకరి ఫోను మోగుతుంది. “పప్పు ఫ్రిజ్జులో కింది అరలో ఉంది. అది కాదు, మూతున్న స్టీలు గిన్నె. ఆ, అదే. వేడి చేసుకోండి, చాలు.” బస్సు కదులుతుంది. కండక్టరు ఆధార్ కార్డులు చూసి వరసగా సున్నా టికెట్లు కొట్టి చేతికిస్తాడు. పొన్నూరు మీదుగా బాపట్ల, అక్కణ్నుంచి ఆటోలో సూర్యలంక. ఓ పూట అలల్లో నిలబడాలి, తెచ్చుకున్నది పంచుకు తినాలి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. పని అంతే.

ఆ ‘అంతే’ వెనుక చాలా కథ ఉంది. కృష్ణా డెల్టా పల్లెల్లో ఆడవాళ్లు ప్రయాణాలు చేయక కాదు. పుట్టింటికి వెళతారు, పురుళ్లకు వెళతారు, ఆస్పత్రిలో ఉన్న ఆడబిడ్డకు క్యారేజీ పట్టుకెళతారు, మొక్కు తీర్చుకోవడానికి వెళతారు. ఆ ప్రతి ప్రయాణంలోనూ ఇంకొకరి అవసరం ఉంటుంది. తమకోసం తాము, స్నేహితురాళ్లతో, సరదాకి వెళ్లిన ప్రయాణం ఎప్పుడని అడిగితే చాలామంది కాలేజీ రోజుల విజ్ఞానయాత్ర దగ్గర ఆగిపోతారు.

సున్నా టికెట్ తెచ్చిన మార్పు

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘స్త్రీశక్తి’ పేరుతో ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలుపెట్టింది. ఈ ఆలోచన ముందే పలుచోట్ల అమలైంది. ఢిల్లీ 2019 అక్టోబరులో దారి చూపింది. తమిళనాడు 2021లో, కర్ణాటక 2023 జూన్‌లో, తెలంగాణ అదే ఏడాది డిసెంబరులో అందుకున్నాయి. ప్రతిచోటా మొదటి చర్చ డబ్బు గురించే జరిగింది. ఖజానాపై భారమెంత, ఆటోవాళ్ల గతేమిటి, బస్సుల్లో నిలబడే చోటైనా ఉంటుందా? అవన్నీ అడగాల్సిన ప్రశ్నలే. ఆటో డ్రైవర్ల బతుకు దెబ్బతింటుందన్న ఆందోళన ఎంత బలంగా వచ్చిందంటే, 2025 అక్టోబరులో ప్రభుత్వం వాళ్లకు ఏడాదికి రూ.15,000 చొప్పున సాయం మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఆ చర్చలో పెద్దగా వినపడని సంగతి ఒకటుంది. తెనాలి నుంచి బాపట్లకు బస్సు చార్జీ మోయలేనంత మొత్తమేమీ కాదు. కానీ సొంత సంపాదన లేని ఇల్లాలు ఆ కాస్త డబ్బు కోసం ఇంట్లో చెయ్యి చాపాలి. అడిగితే “ఎందుకు?” అంటారు. “ఊరికే” అన్నది ఏ ఇంట్లోనూ చెల్లే జవాబు కాదు. అందుకే గుడి పేరో, చుట్టాల పేరో చెప్పాల్సి వచ్చేది. సున్నా టికెట్ తీసేసింది ఆ ప్రశ్ననే. డబ్బు అడగనక్కర్లేనప్పుడు కారణం చెప్పాల్సిన అగత్యమూ తగ్గుతుంది. ఈ పథకంలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

> ఏ బస్సులో ఉచితం?
> పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ - ఈ ఐదు రకాల బస్సుల్లో స్త్రీశక్తి పథకం వర్తిస్తుంది. రాష్ట్ర నివాసులైన బాలికలు, మహిళలు, ట్రాన్స్‌జెండర్లు ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకోవాలి. నాన్‌స్టాప్, సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకూ, రాష్ట్రం దాటే సర్వీసులకూ, ఆర్టీసీ ప్యాకేజీ టూర్లకూ ఇది చెల్లదు. జట్టుగా బయలుదేరేవాళ్లు వెళ్లేటప్పటి బస్సే కాదు, తిరిగొచ్చే బస్సు ఏ రకమో కూడా ముందే కనుక్కోవడం మేలు.

తేదీ కుదరడమే పెద్ద పని

స్నేహితురాళ్ల విహారంలో కష్టమైనది ప్రయాణం కాదు, తేదీ కుదరడం. వాట్సాప్‌లో గ్రూపు పుడుతుంది. మొదటి రోజు అందరూ “సరే” అంటారు. రెండో రోజు నుంచి ఒక్కొక్కరి ఇబ్బందులు బయటపడతాయి. ఒకరింట్లో మామగారి ఆబ్దికం. ఇంకొకరి పిల్లాడికి ఇంటర్ పరీక్షలు. రేపల్లె వైపు పొలమున్న ఇంట్లో నాట్లు, అవి అయ్యేదాకా కదలడానికి లేదు. టీచరమ్మకు ఆదివారం తప్ప కుదరదు, బట్టల కొట్టు నడిపేవారికి ఆదివారమే బేరం. ఇవన్నీ కలిసొచ్చినా నెలసరి తేదీలు అడ్డం పడతాయి. ఆ మాట గ్రూపులో రాయకుండానే మిగిలినవాళ్లకు అర్థమవుతుంది. తేదీ ఓ వారం జరుగుతుంది.

తేదీ కుదిరాక అసలు ఏర్పాట్లు. తను లేని ఒక్కపూట కోసం ఆమె ముందురోజు రెండు పూటల పని చేస్తుంది. ఇడ్లీ పిండి రుబ్బి పెడుతుంది. కూర వండి అరల్లో సర్దుతుంది. అత్తగారి మందులు కాగితం మీద వేళలతో రాసి గోడకు అంటిస్తుంది. పొద్దున్న నాలుగింటికి లేచి అందరికీ టిఫిను చేసి మరీ బయలుదేరుతుంది. సెలవు తీసుకోవడానికి అదనంగా పని చేయాల్సి రావడం ఇంటిపని ఒక్కదాంట్లోనే చూస్తాం.

ఈ మాట ఊహ మీద చెబుతున్నది కాదు. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనికి ఆ పనిలో ఉన్న మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు ఇస్తున్నారు. మగవాళ్లు 88. అంటే ఆమెకు దాదాపు ఐదు గంటలు, ఆయనకు గంటన్నర. 2019లో ఇదే సర్వే 299, 97 అని చెప్పింది. ఐదేళ్లలో ఆమె పని పది నిమిషాలు తగ్గితే, ఆయన పని కూడా తొమ్మిది నిమిషాలు తగ్గింది. ఆమె వదిలిన పది నిమిషాలు ఆయన అందుకోలేదన్నమాట.

ఇంకో లెక్క మరీ సూటిగా ఉంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో 15 నుంచి 49 ఏళ్ల మహిళలను మూడు విషయాలు అడిగింది: బజారుకు, ఆస్పత్రికి, ఊరి బయటకు ఒంటరిగా వెళ్లనిస్తారా అని. మూడింటికీ అవునన్నవాళ్లు దేశం మొత్తం మీద 42 శాతం. వందలో యాభై ఎనిమిది మందికి ఆ మూడింట్లో ఏదో ఒకచోటికి వెళ్లాలంటే తోడు ఉండాలి, లేదంటే అసలు వెళ్లనివ్వరు. విహారం మాట అసలు ఆ ప్రశ్నల్లోనే లేదు.

అందుకే జట్టులో ఒకరు పెద్దరికం తీసుకుంటారు. సాధారణంగా ఆవిడ రిటైరైన టీచరో, పిల్లల పెళ్లిళ్లు చేసేసిన ఇల్లాలో అయి ఉంటుంది. ఫలానా అక్కయ్య వెంట ఉందంటే ఇంట్లో పెద్దవాళ్లు అభ్యంతరం చెప్పరు. కొత్త కోడలి అత్తగారికి ఫోను చేసి, “మా వెంట పంపండి పిన్నిగారూ, సాయంత్రానికి నేనే తెచ్చి దింపుతా” అని పూచీ పడేది ఆవిడే. టూర్ కంపెనీలు చేయలేని పని అది.

అట్లతద్ది నాటి అలవాటు

ఇదంతా ఈ కాలపు పోకడ, టీవీలూ ఫోన్లూ నేర్పిందని పెదవి విరిచేవాళ్లున్నారు. వాళ్లు అట్లతద్దిని మర్చిపోయారు. ఆశ్వయుజ బహుళ తదియనాడు తెల్లారకముందే లేచి, గోరింటాకు పండిన చేతులతో గోంగూర పచ్చడీ పెరుగన్నం తిని, చీకట్లోనే వీధుల్లోకి వచ్చి ఆడుకుని, చెట్లకు వేసిన ఉయ్యాలలూగే పండగ అది. నోము గౌరమ్మదే. కానీ ఆ తెల్లవారుజాము మాత్రం పూర్తిగా ఆడపిల్లలది. వీధిలో మగవాళ్ల అదుపు లేకుండా గొంతెత్తి నవ్వే హక్కు ఏడాదిలో ఆ ఒక్కరోజు దొరికేది.

కార్తీకం వనభోజనాలూ అలాంటివే. ఉసిరిచెట్టు కింద వండుకు తినడం పుణ్యమన్నారు. ఇంటి పొయ్యి దగ్గర్నుంచి వంటను చెట్టు కిందికి మార్చడంతోనే ఆడవాళ్లకు సగం విడుపు దొరికింది. వంట తప్పలేదు, నిజమే. పదిమంది కలిసి చేసే వంట మాత్రం వేరు. రేపల్లె నుంచి పెనుమూడి వంతెన దాటి మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి దగ్గరికి వెళ్లే జట్లలో భక్తి ఎంత ఉందో, కృష్ణ ఒడ్డున కూర్చుని చెప్పుకునే కబుర్లూ అంతే ఉన్నాయి. మన అమ్మమ్మలు దేవుడి పేరుతో సంపాదించుకున్న స్వేచ్ఛ అది. దాన్ని తక్కువ చేయకూడదు.

దూరప్రయాణాలు చేసి రాసినవాళ్లూ మనకు ఉన్నారు. పోతం జానకమ్మ 1870లలోనే ఇంగ్లండ్ వెళ్లొచ్చి ఆ విశేషాలను పుస్తకంగా తెచ్చారు. సముద్రం దాటడమే తప్పనుకునే రోజుల్లో ఓ తెలుగు స్త్రీ చేసిన పని అది. గుంటూరులో పుట్టిన నాయని కృష్ణకుమారి కశ్మీర్ యాత్రను ‘కాశ్మీర దీపకళిక’గా రాశారు. తెనాలి పేరు చెబితే తెలుగు సాహిత్యం, నాటకం, సినిమా గుర్తొస్తాయి. ఆ పట్టణాన్ని ‘ఆంధ్రా ప్యారిస్’ అని ముద్దుగా పిలుచుకున్నాం. ఆ ముద్దుపేరులోని షికార్లూ సాయంకాలపు గోష్ఠులూ ఎక్కువగా మగవాళ్లవే. వీధి చివర కాలవ గట్టున సాయంత్రం కాసేపు కూర్చునే అవకాశం ఎందరు ఆడవాళ్లకు దొరికిందో ఆ ఇళ్లలోని అమ్మమ్మల్ని అడగాలి.

రోజుకో రూపాయి

విహారానికి డబ్బెక్కడిది? ఈ జట్లలో చాలావాటికి సమాధానం చీటీ. పదిమంది, పది నెలలు, నెలకు తలా వెయ్యి. పాట ఉండదు, ఎవరి వంతు వచ్చినా ఆ మొత్తం టూరుకే. కొన్నిచోట్ల డ్వాక్రా సంఘంలో కలిసినవాళ్లే ఇలా జట్టు కడుతున్నారు. పదేళ్లు పక్కపక్కన కూర్చుని అప్పు వాయిదాలు కట్టుకున్నవాళ్ల మధ్య నమ్మకం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఆ పొదుపు అలవాటు వెనుక ఓ పెద్ద పోరాటం ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ‘అక్షరదీపం’ అక్షరాస్యత కార్యక్రమం కింద చదువుకుంటున్న ఆడవాళ్లు 1992లో సారా దుకాణం మీదికి వెళ్లారు. ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993లో సారా నిషేధం, 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలిపోయింది. పొదుపు మాత్రం నిలిచింది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకుందామని నెల్లూరులో మొదలైన ‘పొదుపులక్ష్మి’ సంఘాలు తర్వాత రాష్ట్రమంతటా అల్లుకున్న మహిళా సంఘాలకు దారి వేశాయి.

ఆ రూపాయి ముందు బియ్యానికి, తర్వాత పిల్లల ఫీజులకు, గేదెకు, కుట్టుమిషనుకు వెళ్లింది. ముప్పయ్యేళ్ల తర్వాత అందులో కొంత ఆమె సరదాకు ఖర్చవుతోందంటే దాన్ని దుబారా అనడానికి ఎవరికీ నోరు రాకూడదు.

పంచవటి పక్కనే ద్రాక్షతోటలు

బెంగళూరులో, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే ఈ ఊళ్ల కూతుళ్ల సంగతి మరోలా ఉంది. వాళ్ల స్నేహితురాళ్ల బృందాలు వైన్ తోటల వైపు వెళుతున్నాయి. బెంగళూరు వాళ్లకు నంది కొండల కింద గ్రోవర్ తోటలు దగ్గర. కన్వల్ గ్రోవర్ 1988లో స్థాపించిన సంస్థ అది. హైదరాబాద్ వాళ్లు నాసిక్ వెళతారు. అమెరికాలో చదివి, ఉద్యోగం వదిలి తిరిగొచ్చిన రాజీవ్ సామంత్ 1999లో అక్కడ సులా వైన్‌యార్డ్స్ మొదలుపెట్టారు. తోటలోనే కూర్చుని రుచి చూసే గదిని 2005లో తెరిచారు. అప్పటినుంచి నాసిక్ వారాంతపు విహారాల ఊరైంది. జనవరి నుంచి మార్చి దాకా కోతల కాలం. తొట్టిలో ద్రాక్షపండ్లు పోసి కాళ్లతో తొక్కించే సరదా కూడా అప్పుడే.

ఇక్కడ ఆలోచించదగ్గ విషయం ఒకటుంది. నాసిక్ తెనాలి వాళ్లకు తెలియని ఊరేం కాదు. షిర్డీ వెళ్లిన ప్రతి తెలుగు కుటుంబమూ వీలుంటే నాసిక్ చూసొస్తుంది. పంచవటిలో సీత గుహ, అక్కణ్నుంచి త్ర్యంబకేశ్వరం. తిరుగు రైలెక్కేముందు ఎండుద్రాక్ష కొనుక్కుంటారు. ద్రాక్షతోటల పక్కనుంచే బస్సు పోతుంది. తల్లి ఆ కిటికీలోంచి తోటలు చూసింది. కూతురు దిగి లోపలికి నడిచింది. ఇద్దరిదీ ఒకటే దారి.

మద్యం అనగానే ఈ తీరపు ఆడవాళ్ల మనసు బిగుసుకుంటుంది. బిగుసుకోవాలి కూడా. తాగొచ్చిన భర్తల చేతి దెబ్బలు, తాకట్టు పడిన పుస్తెలు, ఇంకా ఎండని కన్నీళ్లు ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. ఆ జ్ఞాపకాన్ని పాతకాలపు చాదస్తమని తీసిపారేయడం అన్యాయం. అయితే తోటలో గ్లాసు పట్టుకోని అమ్మాయిలూ నాసిక్ వెళుతున్నారు. వాళ్లకు కావాల్సింది పందిళ్ల మధ్య నడక, గంగాపూర్ జలాశయం మీద పొద్దుగూకడం, రాత్రి రెండింటిదాకా మాటలు. ద్రాక్షతోట దొరకని చోట సరుగుడు తోపు ఆ పని చేస్తుంది. సూర్యలంకలో జరుగుతున్నది అదే.

మహిళలకే ప్రత్యేకమైన యాత్రలు దేశంలో ఇప్పటికే ఓ వ్యాపారంగా స్థిరపడ్డాయి. ఢిల్లీలో సుమిత్రా సేనాపతి 2005లో ‘వావ్ క్లబ్’ ప్రారంభించారు. కేరళ ఆర్టీసీ బడ్జెట్ టూరిజం విభాగం మహిళా దినోత్సవాలకు ఆడవాళ్ల ప్రత్యేక యాత్రలు నడిపింది. బస్సు ఆర్టీసీదే, ధర అందుబాటులోనిదే. ఉచిత బస్సు తెచ్చిన మన ఆర్టీసీకి ఈ రెండో అడుగు వేయడం కష్టమేమీ కాదు. నెలకో ఆదివారం తెనాలి నుంచి, రేపల్లె నుంచి ఒక్కో బస్సు సూర్యలంకకు వేసి చూడొచ్చు.

మూడు ఊళ్ల చుట్టూ ముచ్చటైన దారులు

దూరం పోనక్కర్లేదనడానికి ఈ ప్రాంతమే సాక్ష్యం. బాపట్ల నుంచి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. దారి పొడవునా సరుగుడు తోటలు, వైమానిక దళ కేంద్రం, ఆ తర్వాత ఒక్కసారిగా ఇసుక. పర్యాటక సంస్థ హరిత రిసార్టు తీరాన్ని ఆనుకునే ఉంది. తెనాలి నుంచి రైల్లో రావాలంటే చెన్నై లైను ఉంది, పినాకిని లాంటి బండ్లు తెనాలిలోనూ బాపట్లలోనూ ఆగుతాయి. పట్టణంలో దిగినవాళ్లు భావనారాయణస్వామి గుడిని చూడకుండా వెళ్లరు. ప్రత్యేకాంధ్ర కోరికకు వేదికైన తొలి ఆంధ్ర మహాసభ 1913లో ఈ ఊళ్లోనే జరిగిందని వెంట వచ్చిన పిల్లలకు చెబితే బాగుంటుంది. 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల ఉన్నదీ ఇక్కడే.

ఓపికున్నవాళ్లు ఇంకాస్త ముందుకు, చీరాల, వేటపాలెం దాకా పోవచ్చు. చీరాల చేనేత చీరలు, వేటపాలెం జీడిపప్పు సంచి నింపేస్తాయి. వేటపాలెంలో ఆగితే 1918లో పుట్టిన సారస్వత నికేతనం ఉంది. ఆ గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. అప్పుడు విరిగిన ఆయన చేతికర్రను ఇప్పటికీ అక్కడ భద్రంగా దాచారు. పాత పత్రికల కట్టలు తిరగేస్తూ ఓ మధ్యాహ్నం గడిపేయడం స్నేహితురాళ్ల విహారం కాదని ఎవరన్నారు?

రేపల్లె దారి మరో తరహా. తెనాలి నుంచి రేపల్లెకు 1916లో వేసిన రైలు మార్గం అక్కడితో ఆగిపోతుంది. చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన. ఈ పేర్లు చదువుకుంటూ, పసుపు, అరటి, కంద తోటల మధ్య సాగే ప్రయాణం. గట్టిగా చూస్తే ముప్పై నాలుగు కిలోమీటర్లు. భట్టిప్రోలులో దిగితే బౌద్ధ స్తూపం శిథిలాలు. 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు ధాతువుల భరిణెలు, వాటిమీద క్రీస్తుకు పూర్వపు బ్రాహ్మీ రాతలు బయటపడ్డాయి. మన లిపి పుట్టుపూర్వోత్తరాల మాట వచ్చిన ప్రతిచోటా ఈ ఊరి పేరు వస్తుంది. గంట ప్రయాణంలో ఉన్న తెనాలి ఇళ్లలో దీన్ని చూసిన ఆడవాళ్లు ఎందరో లెక్కపెట్టడం కష్టం కాదు.

రేపల్లె దాటితే నిజాంపట్నం. 1611లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ‘గ్లోబ్’ ఓడ ఈ రేవుకే వచ్చింది. అప్పట్లో దీన్ని పెటపోలి అనేవారు. ఇప్పుడది చేపల రేవు. పడవలు ఒడ్డుకు చేరే వేళకు వెళితే బేరమాడేదీ, తట్టలు మోసేదీ, ఎండబెట్టేదీ ఎక్కువగా ఆడవాళ్లేనని కనబడుతుంది. తెనాలి నుంచి సరదాగా వచ్చినవాళ్లు వాళ్ల పక్కన కూర్చుని రొయ్యల ధర అడిగితే చాలు, మాట ఎటో వెళ్లిపోతుంది. దగ్గర్లోనే మడ అడవులు మొదలై కృష్ణ సాగరంలో కలిసే చోటుదాకా పరుచుకుంటాయి.

> ఎప్పుడు వెళ్లాలి?
> డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. జనవరి తర్వాత ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఇసుకలో వాటి జాడలు కనబడితే దూరంగా ఉండాలి. కార్తీక పున్నమికి సముద్రస్నానాల రద్దీ విపరీతం. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారం దాకా తుపానుల కాలం: 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. బయలుదేరే ముందురోజు వాతావరణ హెచ్చరికలు చూసుకోవడం తప్పనిసరి.

తిరిగొచ్చే బస్సెప్పుడు?

ఈ జట్ల ఫోనుల్లో ఎక్కువగా వినబడే ప్రశ్న సముద్రం గురించి కాదు. “అక్కడ బాత్రూములు ఎలా ఉన్నాయి?” తడిసిన చీరతో మార్చుకునే గది కోసం వెతుక్కునే ఆడమనిషికి తీరం అందం పట్టదు. మంచినీళ్లు తాగడం మానేసి ప్రయాణాలు చేసే ఆడవాళ్లు మన చుట్టూ ఎందరో. మధుమేహం ఉన్న పెద్దావిడకు అది సరదా కాదు, ప్రమాదం.

రెండో భయం సముద్రానిదే. ఈ తీరంలో మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డా కాళ్ల కింది ఇసుక జారిపోతుంది, వెనక్కి లాగే ప్రవాహాలు పైకి కనబడవు. ప్రమాదాలు జరిగిన తర్వాత పోలీసులు బీచ్‌లు కొన్నాళ్లు మూసిన సందర్భాలున్నాయి. 1977 నవంబరు 19న ఉప్పెన ఏం చేసిందో దివిసీమ, రేపల్లె ప్రాంతాల పెద్దవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చీరతో అలల్లోకి దిగినవాళ్లకు బరువెక్కిన గుడ్డ కాళ్లకు చుట్టుకుంటుంది. ఈతగాళ్ల కాపలా, హెచ్చరిక జెండాలు ఉన్నచోటే, నలుగురూ చేతులు పట్టుకునే దిగాలి.

మూడోది మనుషుల భయం. దీన్ని తేలిగ్గా మాట్లాడకూడదు. నలుగురు ఆడవాళ్లు నవ్వుతూ కూర్చుంటే చుట్టూ తిరిగే బైకులు, సెల్‌ఫోను పట్టుకుని దొంగచాటు వీడియోలు తీసే కుర్రాళ్లు ప్రతి బీచ్‌లోనూ ఉన్నారు. 2025 మార్చి 8న రాష్ట్ర పోలీసులు ‘శక్తి’ యాప్ తెచ్చారు. అందులోని అత్యవసర బటన్ నొక్కితే పోలీసులకు సమాచారం వెళుతుంది. అది లేనివాళ్లకు 112 ఉంది. బయలుదేరే ముందే ఇవి రెండూ అందరి ఫోన్లలో ఉండేలా చూసే బాధ్యత డిగ్రీ చదివే అమ్మాయిది. పూచీ పెద్దావిడది, ఫోను చిన్నదానిది. జట్టులో పనులు అలా పంచుకోవాలి.

సూర్యలంకకు మంచిరోజులు వచ్చే సూచనలున్నాయి. కేంద్రం ‘స్వదేశ్ దర్శన్ 2.0’ పర్యాటక పథకం కింద ఈ తీరం అభివృద్ధికి రూ.97.52 కోట్లు మంజూరు చేసింది. అంత డబ్బుతో ఏం కడతారన్నది ఇప్పుడే అడగాలి. ప్లాను గీసేవాళ్ల బల్ల దగ్గర ఒక్క ఆదివారమైనా ఈ జట్లలోని ఆడవాళ్లు కూర్చుంటే వాళ్లు అడిగేవి పెద్దవేం కావు. నీళ్లుండే మరుగుదొడ్లు, గడియ పడే గదులు, చీకటి పడ్డాక వెలిగే దీపాలు, ఓ మహిళా కానిస్టేబులు, ఆదివారాలు తప్పకుండా ఉండే గజ ఈతగాళ్లు.

చివరిది, అన్నిటికన్నా చవకైనది బస్సు వేళలు. సూర్యలంకలో పొద్దుగూకడం చూడాలంటే ఆరింటిదాకా ఉండాలి. ఆ తర్వాత బాపట్ల చేరి, అక్కణ్నుంచి తెనాలికో రేపల్లెకో ఎక్స్‌ప్రెస్ దొరుకుతుందో లేదోనన్న దిగులుతో చాలా జట్లు నాలుగున్నరకే సంచులు సర్దేస్తున్నాయి. సముద్రం దగ్గర్నుంచి ఓ పల్లెవెలుగు ఆరున్నరకు బయలుదేరి, బాపట్ల బస్టాండులో తెనాలి, రేపల్లె బస్సులను అందుకునేలా వేళలు కుదిర్చి, ఆ పట్టికను తీరంలోనే పెద్ద అక్షరాలతో రాసి పెడితే, ఇంకో రెండు గంటలు వాళ్లు ఆ ఇసుకలోనే కూర్చోగలుగుతారు.